మసి పట్టని గోడ

పాంగ్ షౌయీలో మొగుడిగా వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప: ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యడు. ముప్ఫయ్యారేళ్ళ కాపరంలో మియావ్ యాఫెన్ ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఆయన చేసిన కూరలో ఉప్పెక్కువైతే ఆ ప్యాకెట్టు ఉప్పు మంచిది కాదు. బస్సు తప్పిపోతే బస్సే ముందొచ్చింది. పెళ్ళిరోజు మర్చిపోతే, రిజిస్టరు ఆఫీసు గుమాస్తా ఆ రోజు తేదీ తప్పు వేశాడు. ఇలాంటి మనిషితో బతకడం నిజానికి తేలిక. ఇంట్లో జరిగే తప్పులన్నీ మిగతావాళ్ళు తలా కాస్త పంచుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్ళూ ముగ్గురు ఆడవాళ్ళు పంచుకున్నారు. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. అత్తగారు మొన్న వసంతంలో కన్నుమూసింది. ఇప్పుడు మొత్తం యాఫెన్ నెత్తినే పడింది.

అక్టోబరు రెండోవారంలో మెట్ల దగ్గర తలుపు మీద నోటీసు అంటించారు. గురువారం పొద్దున్న భవనం పైపుల్లోకి నీళ్ళు ఎక్కిస్తారు, ఇంటికొకరు కదలకుండా ఉండి ఎక్కడైనా కారుతోందేమో చూసుకోవాలి, సోమవారానికి వేడి వస్తుంది. జియాముసి ఊళ్ళో ఆ కాగితం పడిందంటే ఆడవాళ్ళకి రెండు పనులు మొదలైనట్టే: క్యాబేజీలు ఊరవెయ్యడం, గదులు వెచ్చబెట్టే ఇనప రేడియేటర్ల వెనక గోడలు బాగుచేసుకోవడం.

ఆరు నెలలపాటు కాగిన ఇనుము వెనక గోడ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. వేడిగాలి గదిలోని దుమ్మంతా పట్టుకుపోయి సున్నానికి పులుముతుంది. వసంతం వచ్చేసరికి పదకొండు ఇనప పక్కటెముకల నీడ గోడ మీద నల్లగా అచ్చుపడి ఉంటుంది. యాఫెన్ దానికొక ఉపాయం కనిపెట్టింది. ఏటా పాత క్యాలెండరులోంచి మంచి బొమ్మ చించి, మైదా జిగురు ఉడకేసి, చెక్క స్కేలుకి గుడ్డ చుట్టి, రేడియేటరు వెనక సందులోకి దాన్ని తోసి అతికిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఊడబీకి కొత్తది పెడుతుంది. ఎర్ర చేపలు లోపలికి వెళ్ళి మాడిన చేపలై బయటికొస్తాయి.

ఈ ఏడు క్యాలెండరు బొమ్మలతో కుదరదు. కూతురు లూలూకి ఏడో నెల. డిసెంబరులో పురిటికి వస్తుంది. కాన్పయ్యాక నెల రోజులు గడప దాటకుండా, చన్నీళ్ళు ముట్టకుండా, గాలి సోకకుండా ఉండాల్సింది ఉత్తరం గదిలో. అత్తగారి గది. అందుకని లూలూయే ఎంచి అసలు సిసలు గోడ కాగితం పంపించింది. లేత పసుపు మీద సన్నటి ఆకులు.

"ఉత్తరం గదిలో రేడియేటరుకున్న ఆ చెక్క తొడుగు విప్పాలి," అంది యాఫెన్ మంగళవారం పొద్దున్న, జావ గిన్నెలు ఎత్తుతూ.

షౌయీ పేపరు దించలేదు. "దానికేం? లోపల శుభ్రంగా ఉంటుంది. చుట్టూ అతికించెయ్."

"పిల్లతల్లి పడుకునే గది. చుట్టూ అతికించడమేంటి, ముందు చొక్కా తొడిగి వీపు వదిలేసినట్టు?"

"పదహారు మరలున్నాయి దానికి."

"బిగించింది నువ్వేగా. విప్పడం కూడా వచ్చే ఉంటుంది."

ఆ తొడుగు షౌయీ చేతిపని. ఊళ్ళో ఇళ్ళకి వేడినీళ్ళు పంపే కంపెనీలో ముప్ఫయ్యేళ్ళు మరమ్మతు మేస్త్రీగా చేసి నిరుడే రిటైరయ్యాడు. తల్లి వీళ్ళ దగ్గర ఉండటానికి ఒప్పుకుని వచ్చిన ఏడు, ఆవిడ గది రేడియేటరుకి కొత్త వాల్వు వేశాడు. మెత్తటి తెల్ల చెక్కతో జాలీ కోసి, పైన పలక పరిచి, మొహం కనపడేలా మెరుగుపెట్టి తొడుగు బిగించాడు. మిగతా గదులకీ చేస్తానంటే యాఫెన్ పడనివ్వలేదు, సాక్సులు ఎక్కడ ఆరేసుకోవాలని.

మరలు విప్పుతున్నంతసేపూ అతని మొహంలో విసుగు లేదు. ఒక్కో మరనీ తీసి వేళ్ళతో తుడిచి, సీసా మూతలో వేశాడు. చివరిది వచ్చాక ఇద్దరూ చెరోవైపూ పట్టి తొడుగుని ఎత్తి మంచం పక్కన దించారు.

గోడ మీద రెండు పక్షులున్నాయి. పూసిన ప్లమ్ కొమ్మ మీద పక్కపక్కన కూచున్న నల్లతోక పిట్టలు, శుభవార్త తెస్తాయని ఇళ్ళల్లో పెట్టుకునేవి. క్యాలెండరు కాగితం. పొట్టల తెలుపు తెల్లగానే ఉంది. పువ్వుల గులాబీరంగు అచ్చాఫీసులోంచి నిన్న వచ్చినట్టుంది.

వాటిని అతికించింది అత్తగారే. తొడుగు బిగించబోయే ముందు. "ఎవరు చూస్తారమ్మా అక్కడ?" అని షౌయీ నవ్వితే, ఆవిడ బొటనవేలితో అంచులు నొక్కుతూ, "చూడ్డానిక్కాదురా. చలికాలం కదా, వెచ్చగా ఉంటాయని," అంది.

"చూశావా?" అన్నాడు షౌయీ ఇప్పుడు. రెండడుగులు వెనక్కి వేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏడేళ్ళు. చెక్కుచెదరలేదు. అదీ తొడుగంటే. నీ గదులకీ చేయించుకుని ఉంటే ఏటా ఈ చాకిరీ తప్పేది."

నిజమే మరి, కాగితం కొత్తగా ఉంది. యాఫెన్ ముందుగదిలో నిరుటి చేపల బొమ్మ ఊడబీకే పనికి వెళ్ళింది.

చేపలు తడికి ఒక పట్టాన ఊడలేదు. అట్లకాడతో గీకుతుంటే నల్లటి పొట్టు గోళ్ళలోకి దూరింది. బకెట్లో నీళ్ళు రెండుసార్లు మార్చింది. రెండోసారి మారుస్తూ, ఎలాగూ చేతులు తడిగానే ఉన్నాయి కదా అని ఇంకో కొత్త గుడ్డ ముంచి పిండి, ఉత్తరం గదిలో బోర్లించిన తొడుగు దగ్గర కూచుంది. పైపలక లోపలివైపు తుడిచింది. గుడ్డ తిప్పి చూసింది.

బూడిదరంగు దుమ్ము. అంతే. బీరువా మీద పేరుకునేలాంటిది.

ఇంకోసారి, గట్టిగా, మూలమూలలా తుడిచింది. మళ్ళీ అదే.

కిందటేడు మూడో అంతస్తులో చూ వదిన కాలు విరిగి పడుకుంటే వాళ్ళ రేడియేటరు తొడుగు యాఫెనే కడిగిపెట్టింది. దాని పైపలక లోపలివైపు బాణలి అడుగులా ఉంది. తొడుగుంటే మసి పట్టకుండా పోదు. ఎక్కడికీ పోలేక అక్కడే పడుతుంది.

గుడ్డ చేతిలోనే ఉంచుకుని తల తిప్పింది. గది మూలన నేల నుంచి కప్పు దాకా నిలువు పైపు. కింది ఇంటి నుంచి పై ఇంటికి వేడినీళ్ళు తీసుకెళ్ళేది. దానికి వేసిన వెండిరంగు పైనా కిందా బాగానే ఉంది. నేల నుంచి రెండడుగుల ఎత్తున మాత్రం, ఒక జానెడు మేర, రంగు అరిగిపోయి లోపలి ఇనుము నున్నగా మెరుస్తోంది.

ఆ ఎత్తు దేనిదో యాఫెన్‌కి తెలుసు. అత్తగారికి మంచం ఉంది, మెత్తటి కుర్చీ ఉంది. అవన్నీ వదిలేసి పొట్టి పీట వేసుకుని ఆ మూలనే, పైపుకి వీపు ఆనించి, ఇంట్లో కూడా దూదికోటు విప్పకుండా కూచునేది. బడిలో గోడకుర్చీ వేయించిన పిల్లలా అని షౌయీ ఎగతాళి చేసేవాడు. యాఫెన్ అంతకన్నా ముందుకెళ్ళింది. నలుగురూ చూసి కోడలు సరిగా చూడటం లేదనుకోవాలని అలా కూచుంటుందని చూ వదినతో అంది కూడా.

భోజనాల దగ్గర రెండు గుడ్డలూ తెచ్చి షౌయీ గిన్నె పక్కన పరిచింది.

"ఏంటిది? తినేచోట."

"నల్లది ముందుగదిది. ఒక్క శీతాకాలం. ఇది ఉత్తరం గది తొడుగు లోపలిది. ఏడు."

అతను చాప్‌స్టిక్స్ గిన్నె మీద ఆనించాడు. రెండూ చూశాడు. తెల్లగుడ్డని కొసతో ఎత్తి వెనకవైపు కూడా చూశాడు.

"ఉత్తరం గది. అక్కడ దుమ్ముండదు."

"దుమ్ము దిక్కు చూసుకుని వస్తుందా?"

"నేను ఏటా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. కాలిపోయేది."

"దేని మీద పెట్టేవాడివి?"

జాలీ కన్నాల్లోంచి మనిషి చెయ్యి దూరేది పక్కనున్న పైపు దాకానే. ఆ జాలీ కోసినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"చలిగా ఉందిరా అని ఎన్నిసార్లు చెప్పింది," అంది యాఫెన్.

"ఎనభై రెండేళ్ళ మనిషి. ఎనభై దాటితే పొయ్యి పక్కన కూచోబెట్టినా చలే." మళ్ళీ చాప్‌స్టిక్స్ తీసుకున్నాడు. "జిగురు పెట్టావా?"

"పెట్టలేదు. పెట్టను."

"అంటే?"

"ఆ కాగితం అలాగే ఉంటుంది. నువ్వు చూసి చెప్పిందాకా."

"ఏం చెప్పాలి?"

యాఫెన్ గుడ్డలు రెండూ మడిచి తీసుకెళ్ళిపోయింది.

బుధవారమంతా క్యాబేజీలతో గడిచింది. పైఆకులు తీసి, మరిగే నీళ్ళలో ముంచి, ఉప్పు చల్లుకుంటూ జాడీలో వరసలు పేర్చింది. ఏటా పైన బండరాయి పెట్టేది అత్తగారు. ఎక్కడ పెడితే బరువు సమంగా పడుతుందో ఆవిడకి తెలుసు. యాఫెన్ మూడుసార్లు జరిపినా రాయి ఒక పక్కకి ఒరుగుతూనే ఉంది.

మధ్యలో లూలూ ఫోను చేసింది. "గోడ అయిందా అమ్మా? వేడి వచ్చాక అతికిస్తే అంచులు లేచిపోతాయట."

"తెలుసులే. మీ నాన్న మీద ఆగింది."

"నాన్నకేం పని అందులో?"

"ఆయనకి ఒక మాట రావాల్సి ఉంది. పురిటినొప్పులు నీకన్నా ముందు ఆయనకే మొదలయ్యాయి."

లూలూ నవ్వింది. యాఫెన్ నవ్వలేదు. ఉత్తరం గదిలోంచి టక్ టక్ మని చిన్నగా చప్పుడు వస్తోంది. ఇనుము మీద వేలి కణుపుతో కొట్టి వింటున్నట్టు. కాసేపటికి అది ఆగిపోయింది. షౌయీ బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు, ఒరిగిన రాయిని ఒక చేత్తో సరిచేసి వెళ్ళాడు. అది నిలబడింది. యాఫెన్‌కి అందుకు కూడా కోపం వచ్చింది.

గురువారం పొద్దున్నే కంపెనీ నుంచి సూయీ వచ్చాడు. నలభై దాటినవాడు. షౌయీ దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు అతని స్థానంలో ఉన్నాడు.

"మేస్త్రీ గారూ, నీళ్ళు ఎక్కించేలోపు మీ ఇల్లు ఒకసారి చూసిపోదామని వచ్చాను. మీ ఇంట్లో చూసేదేముంటుంది కానీ, రివాజు."

"ఉత్తరం గది చూడు," అంది యాఫెన్.

షౌయీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సూయీ రేడియేటరు ముందు గొంతుక్కూచుని వాల్వు పిడి పట్టుకుని తిప్పాడు. కుడికి తిప్పాడు. ఎడమకి తిప్పాడు. పిడి రెండువైపులా హాయిగా, చిన్నపిల్లల గిలక తిరిగినట్టు తిరిగింది. సూయీ చెయ్యి ఆగిపోయింది. తల పైకెత్తి మేస్త్రీ మొహం చూడబోయి, మళ్ళీ దించుకున్నాడు.

"విప్పు," అన్నాడు షౌయీ.

రెంచికి రెండు పట్లలో వచ్చేసింది. సూయీ దాన్ని అరచేతిలో బోర్లించి చూపించాడు. లోపలి కాడ మొదట్లో విరిగి ఉంది. నీళ్ళని రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే ఇత్తడి బిళ్ళ తన గాడిలో గట్టిగా మూసుకుని కూచుంది. విరిగినచోట పాత తుప్పు.

"మొదట బిగించినప్పుడే విరిగి ఉంటుంది," అన్నాడు సూయీ నెమ్మదిగా. "సరుకు నాసిరకం అయ్యుంటుంది మేస్త్రీ గారూ. అప్పట్లో వచ్చిన వాల్వులు సగం ఇంతే."

అతను మేస్త్రీకి దారి వేసిపెడుతున్నాడని యాఫెన్‌కి అర్థమైంది. ముప్ఫయ్యారేళ్ళుగా షౌయీ ఏ దారినైతే నడిచాడో అదే దారి. అందులో కాలు పెడతాడేమోనని చూసింది. అతను పెట్టలేదు. బిళ్ళని వేలితో తడుముతూ ఉండిపోయాడు.

కొత్త వాల్వు బిగిస్తూ సూయీ మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి వీపు తిప్పి. "మొన్నటి ముందు శీతాకాలం పెద్దమ్మ కంపెనీకి ఫోను చేసింది కదా, గది చలిగా ఉందని. వేడి కొలిచే గేజీ పట్టుకుని నేనే వచ్చాను. ఈ గదిలోకి రాలేదు. మీరు ముందుగదిలో కూచోబెట్టి టీ ఇచ్చారు. అక్కడే కొలిచాను. ఇరవై రెండు డిగ్రీలు. ఇరవై రెండని రాసుకుని వెళ్ళాను." రెంచి ఆగింది. "ఆవిడ ఆ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. రమ్మని చేత్తో సైగ చేసింది కూడా. నేను టీ తాగుతున్నాను."

కాసేపటికి పైపుల్లో నీళ్ళు గరగరమంటూ పైకెక్కడం వినిపించింది. సూయీ గాలి మర వదులు చేశాడు. రేడియేటరు బుస్సున గాలి వదిలి, ఎర్రటి నీళ్ళు కక్కి, తర్వాత తేటబడింది. యాఫెన్ పట్టిన పాత మగ్గు రెండుసార్లు నిండింది.

సూయీ వెళ్ళాక ఆ మగ్గు పట్టుకునే షౌయీ ఎదుట నిలబడింది.

"ఆ రోజు సాయంత్రం నువ్వు అరిచావు. సొంత కొడుకు పనిచేసే కంపెనీకే ఫిర్యాదు చేస్తావా, రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అని. మళ్ళీ ఫోను చేసి వెనక్కి తీసుకోమన్నావు. ఆవిడకి అంకెలు కనపడలేదు. నంబరు నొక్కింది నేను. ఫోను చెవి దగ్గర పట్టింది నేను. 'పొరపాటు పడ్డానమ్మా, గది వెచ్చగానే ఉంది, మా అబ్బాయి మంచి పనివాడు' అని ఆవిడ చెబుతుంటే, ఎప్పుడవుతుందా, పొయ్యి మీద కూర మాడుతోంది అనుకుంటూ నిలబడ్డాను. నా వంతు నేను ఒప్పుకుంటున్నాను. మా అత్తయ్య గది ఏడేళ్ళు చూసి, ఒక్కసారీ ఆ పలక మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఇంకో స్వెటరు వేసుకోండని చెప్పాను. తప్పు చేశాను."

షౌయీ కోటు తొడుక్కుని బయటికెళ్ళి, చీకటి పడకముందే తిరిగొచ్చాడు. చేతిలో పేపరు కూడా లేదు.

శుక్రవారం, శనివారం ఇంట్లో మాటలు అన్నం పెట్టనా, పెట్టు దగ్గరే ఆగాయి. ఆదివారం మధ్యాహ్నం యాఫెన్ జిగురు ఉడకేసింది. పంతం పట్టడానికి ఇంక రోజు లేదు. వేడి వచ్చేస్తే కాగితం నిలవదు, పుట్టబోయే పసిగుడ్డు ఏం పాపం చేసిందని. మిగతా మూడు గోడలూ అయ్యాయి. నాలుగో గోడ దగ్గర, పక్షుల అంచు కింద అట్లకాడ పెట్టి, ఒక్క క్షణం ఆగింది.

"వాటిని ఉండనీ," అన్నాడు షౌయీ వెనక నుంచి.

ఆమె తిరిగి చూడలేదు. కత్తెర తీసుకుని పసుపు కాగితాన్ని పక్షుల కొలతకి మధ్యలో కోసింది. అతను వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు. గుడ్డ చుట్టిన స్కేలు అందుకుని, ఇనప పక్కటెముకల మధ్యలోంచి ఒక్కో సందులోకీ దూర్చి, పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాడు. ఆమె వేలితో చూపించినచోటల్లా మళ్ళీ నొక్కాడు. ఇన్నేళ్ళలో ఆ పనికి అతను చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి. ఎక్కడా ముడత రాలేదు. లేత ఆకుల మధ్యన రెండు పక్షులూ కిటికీలోంచి చూస్తున్నట్టున్నాయి. తొడుగుని అతనే విడగొట్టి, చెక్కలు తాడుతో కట్టి బాల్కనీలో పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి పైపుల్లో టిక్కుటిక్కుమని మొదలైంది. ఇనుము వేడెక్కి సాగేటప్పుడు వచ్చే చప్పుడు. యాఫెన్ ఉత్తరం గది గుమ్మంలోకి వచ్చేసరికి షౌయీ అప్పటికే అత్తగారి పొట్టి పీట మీద కూచుని ఉన్నాడు. రేడియేటరు మొదటి పక్కటెముక మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపాగి రెండో దాని మీదికి జరిపాడు. తర్వాత మూడోది. పదకొండూ అయ్యేదాకా తొందరపడలేదు. చివరిదాని మీద చెయ్యి ఎర్రబడేదాకా తియ్యలేదు.

తర్వాత జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నంబరు తనే నొక్కాడు. స్పీకరు అతనికి తెలియకుండానే నొక్కుకుపోయినట్టుంది. అవతలి అమ్మాయి గొంతు గది నిండా వినపడింది.

"వేడినీళ్ళ కంపెనీ ఫిర్యాదుల విభాగం. చెప్పండి పెద్దాయనా, ఇల్లు వెచ్చబడలేదా?"

"వెచ్చబడింది. నేను ఫోను చేసింది పాతదాని గురించి. మొన్నటి ముందు శీతాకాలం ఈ చిరునామా నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది." భవనం, మెట్ల నంబరు, ఇంటి నంబరు చెప్పాడు.

కీబోర్డు చప్పుడు. "ఉంది పెద్దాయనా. గదిలో చలిగా ఉందని. కానీ ఆ రోజే వెనక్కి తీసుకున్నారు కదా. పొరపాటున చేశామని రాసుంది. ఫిర్యాదు చేసినవారి పేరు?"

తల్లి పేరు కొడుకు నోట పలకడం ఆ ఇంట్లో యాఫెన్ ఎన్నడూ వినలేదు.

"జీ ఫెంగ్‌యున్."

"ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చా?"

"లేదు. ఏప్రిల్లో పోయింది."

"క్షమించండి పెద్దాయనా. దాన్ని ఇప్పుడు తెరవడం కుదరదు. మీరు చెబితే కింద ఒక ముక్క రాసి ఉంచుతాను. ఏం రాయమంటారు?"

షౌయీ గోడ మీద పక్షుల వైపు చూశాడు. వాటి కాగితం అంచు మొదటిసారి తగిలిన వేడికి సన్నగా వణుకుతోంది. వేలితో దాన్ని నొక్కి పట్టుకున్నాడు.

"రాయమ్మా," అన్నాడు. "గది చలిగానే ఉండేది. మా అమ్మ పొరపాటు పడలేదు. పొరపాటని ఆవిడ చేత అనిపించింది నేను. తప్పు నాది."